‘సైక్లోన్’ మాటలో కోరంగి వాటా ఎంత?

కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సు చొల్లంగి దాటాక, తాళ్లరేవు ఇంకా రాకముందే కోరంగి వస్తుంది. అక్కడ దిగే పైఊరివాళ్లలో ఎక్కువమంది మడ అడవి చూడ్డానికి వచ్చినవాళ్లే. చెక్కల బాట మీద నడుస్తారు, మడచెట్ల ఊడల మధ్య బురదలో గెంతే చేపల్ని పిల్లలకు చూపిస్తారు, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అక్కడ ఓడ ఆనవాలు ఒక్కటీ కనబడదు. కానీ ఒకప్పుడు కలకత్తాకూ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను ఒడ్డెక్కించి బాగుచేయగల రేవు కోరంగి ఒక్కటే. బర్మాలో తెలుగువాళ్లందరినీ కలిపి ‘కోరంగీలు’ అనేవాళ్లంటే, ఈ రేవు నుంచి ఎంతమంది ఓడెక్కారో ఊహించుకోవచ్చు.

ఈ ఊరికి ఇంకో ఖ్యాతి కూడా ఉంది. ఇంగ్లిషువాళ్ల ‘సైక్లోన్’ అనే మాట కోరంగి ఉప్పెన వల్లే పుట్టిందని గోదావరి జిల్లాల్లో చాలామంది చెబుతారు, చాలామంది రాశారు కూడా. 1789 డిసెంబరులో ఊరిని ముంచిన విపత్తుకు పేరు పెట్టడానికే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హెన్రీ పిడింగ్టన్ ఆ మాట కల్పించాడని ఆ కథ. ఇందులో నిజమెంతో చూడాలంటే ముందు ఆ మనిషి సంగతి తెలియాలి.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులోని ససెక్స్‌లో పుట్టాడు. అంటే కోరంగి మొదటిసారి మునిగేనాటికి ఇంకా పుట్టనే లేదు. వర్తక నౌకల్లో తిరిగి కెప్టెనయ్యాడు. తర్వాత కలకత్తాలో స్థిరపడ్డాడు. అక్కడ ఒక మ్యూజియానికి క్యూరేటరుగానూ, ఓడ ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడిగానూ పనిచేశాడు. ఈ రెండో కొలువు వల్ల ఆయనకు దక్కిన సంపద ఓడల లాగ్ పుస్తకాలు. తుఫానులో చిక్కి బయటపడ్డ ప్రతి ఓడలోనూ గంటగంటకూ గాలి ఏ దిక్కు నుంచి వీచిందీ, బారోమీటరు ఎంత పడిందీ రాసిపెడతారు. ఒకే రాత్రి ఒకే తుఫానులో ఉన్న పదేసి ఓడల లాగ్‌లు ముందేసుకుని, ఆ గాలుల్ని బాణం గుర్తులుగా పటం మీద గీస్తే, చెల్లాచెదురుగా కనబడాల్సిన బాణాలన్నీ ఒక చుట్టుగా తేలతాయి. 1839 నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఆయన చేసిన పని ఇదే. ఒక్కో తుఫాను మీద ఒక్కో పరిశోధన వ్యాసాన్ని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చువేయించాడు.

పెద్దగాలి సుడి తిరుగుతుందని కనిపెట్టింది పిడింగ్టన్ కాదు. అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అనే ఆయన 1821లో ఒక తుఫాను తర్వాత కనెక్టికట్ ప్రాంతంలో నడిచి వెళ్తూ, ఒకచోట చెట్లు ఒక దిక్కుకూ కొంత దూరం పోయాక దానికి ఎదురు దిక్కుకూ పడి ఉండటం గమనించాడు. పదేళ్ల తర్వాత దాని మీద వ్యాసం రాశాడు. బ్రిటిష్ సైన్యాధికారి విలియం రీడ్ 1838లో ఏకంగా పుస్తకమే వేశాడు. పిడింగ్టన్‌కు దారి చూపింది ఆ పుస్తకమే. మన సముద్రాల లాగ్‌లతో దాన్ని పరీక్షించి, దానికి పేరు పెట్టి, నావికుడి చేతికి అందేలా చేయడం ఆయన వాటా.

ఆ చేతికి అందించిన తీరు చెప్పుకోదగ్గది. 1848లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం పేరు ‘ద సెయిలర్స్ హార్న్-బుక్ ఫర్ ద లా ఆఫ్ స్టార్మ్స్’. హార్న్-బుక్ అంటే పూర్వం ఇంగ్లండులో పిల్లలకు అక్షరాలు నేర్పిన పలక. కాగితం మీద అక్షరాలు రాసి, అది చిరిగిపోకుండా పశువుల కొమ్మును పల్చగా చెక్కి అద్దంలా పైన బిగించేవాళ్లు. మన లెక్కలో చెప్పాలంటే అది నావికుల పెద్దబాలశిక్ష. పిడింగ్టన్ ఆ పేరుకు తగ్గట్టే పుస్తకంతో పాటు నిజంగానే రెండు కొమ్ము రేకులు ఇచ్చాడు, ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి. వెలుతురు దాటిపోయేంత పల్చటి రేకు మీద ఒకదానిలో ఒకటిగా వృత్తాలు, వాటి పొడవునా గాలి దిక్కు చూపే బాణాలు. కెప్టెను దాన్ని సముద్ర పటం మీద పెట్టి, తన ఓడకు గాలి ఏ దిక్కు నుంచి కొడుతోందో ఆ బాణం ఓడ ఉన్న చోటికి వచ్చేలా జరిపితే, వృత్తాల నడిబొడ్డు పటం మీద ఎక్కడ ఆగిందో తుఫాను కన్ను అక్కడ ఉన్నట్టు లెక్క. ఇక దానికి దూరంగా చుక్కాని తిప్పుకోవడమే. ఉపగ్రహం, రేడియోల మాట అటుంచి, తీరం నుంచి కబురు కూడా అందని రోజుల్లో ఒక కొమ్ము ముక్క ఓడను కాపాడగలిగింది.

ఈ పుస్తకంలోనే ఆయన కొత్త మాట ప్రతిపాదించాడు. అప్పటికి ఇంగ్లిషులో గాలికి పేర్లు తక్కువేమీ కాదు. గేల్, స్టార్మ్, టెంపెస్ట్, హరికేన్, టైఫూన్ అన్నీ ఉన్నాయి. చిక్కేమిటంటే అవన్నీ గాలి ఎంత గట్టిగా వీచిందో చెబుతాయి, ఎలా వీచిందో చెప్పవు. ఒక కెప్టెన్‌కు గేల్ అనిపించింది ఇంకొకడికి హరికేన్ అనిపించవచ్చు. తిరుగుతూ వీచే గాలికి, అది చిన్నదైనా పెద్దదైనా, దాని తిరుగుడును మాత్రమే చెప్పే మాట కావాలని ఆయన అనుకున్నాడు. గ్రీకులోని ‘కుక్లోస్’ అనే మాట దగ్గరికి వెళ్లాడు. చుట్టు, చక్రం అని దాని అర్థం. పాము చుట్ట అనే అర్థం కూడా అందులో ఉందని ఆయనే చెప్పాడు. ఆయన చూపిన గ్రీకు రూపం సరిగ్గా కుదరలేదని నిఘంటుకారులు తర్వాత తప్పుపట్టారు గానీ, మాట మాత్రం నిలబడిపోయింది. పాము చుట్ట అన్న పోలిక కూడా అబద్ధం కాదు. చుట్ట నడుమ ఖాళీ ఉన్నట్టే తుఫాను నడుమా కన్ను ఉంటుంది.

ఈ గ్రీకు మాట మనకు పరాయిది కాదు. కుక్లోస్, సంస్కృత చక్రం, ఇంగ్లిషు వీల్ మూడూ ఒకే తల్లి మాట పిల్లలని భాషాశాస్త్రవేత్తలు తేల్చారు. సైకిల్ కూడా ఆ ఇంటిదే. హిందీవాళ్లు సైక్లోన్‌ను ‘చక్రవాత్’ అన్నప్పుడు, వేల ఏళ్ల కిందట విడిపోయిన అక్కాచెల్లెళ్లను మళ్లీ ఒకచోట కూర్చోబెట్టినట్టయింది.

ఇక కోరంగి సంగతి. 1789 డిసెంబరులో ఏం జరిగిందో చెప్పే కథనం మూడు అలల కథ. సముద్రం వైపు నుంచి పర్వతాల్లాంటి మూడు అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీళ్లు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లపు నేలంతా ముంచింది. మూడోది ఏమీ మిగల్చలేదు. లంగరు వేసి ఉన్న ఓడలు యానాం వైపు మైదానాల్లోకి కొట్టుకుపోయాయి. ఇరవై వేలమంది పోయారని అంచనా. పిడింగ్టన్ తన పుస్తకంలో తుఫాను అలల గురించి చెప్పేచోట కోరంగి కథ తెచ్చాడు.

రెండో దెబ్బ 1839 నవంబరు 25న. పిడింగ్టన్ తుఫానుల పరిశోధన మొదలుపెట్టిన ఏడాదే అది. ఈ తుఫాను మీద ప్రపంచమంతా ఒకే లెక్క తిరుగుతూ ఉంటుంది: నలభై అడుగుల అల, ఇరవై వేల పడవలు, మూడు లక్షల మరణాలు. ప్రపంచ విపత్తుల పట్టికల్లో కోరంగి పేరు పైవరసల్లో ఉండటానికి ఆ మూడు లక్షలే కారణం. ఆ అంకెను కళ్లు మూసుకుని నమ్మడం కష్టం. అప్పటికే ఒకసారి తుడిచిపెట్టుకుపోయి, నదీముఖంలో ఇసుక మేట వేసి, వ్యాపారం జారిపోతున్న రేవు అది. చుట్టుపక్కల లంకలూ పల్లెలూ కలిపినా ఆ లెక్కకు అందడం అనుమానమే. పైగా 1789 మరణాలూ ఇరవై వేలే, 1839 పడవలూ ఇరవై వేలే. రెండు విపత్తుల అంకెలు ఎక్కడో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయని అనుమానించడం తప్పు కాదు. ఆ రెండో దెబ్బ తర్వాత కోరంగి రేవుగా మళ్లీ పూర్వపు స్థితికి రాలేదన్నది మాత్రం అంకెలతో పని లేని నిజం. ఓడలు కాకినాడకు మళ్లాయి.

కాబట్టి తీర్పు ఇలా చెప్పవచ్చు. సైక్లోన్ అనే మాటను పిడింగ్టన్ ఒక్క కోరంగి కోసం కల్పించలేదు. విపత్తుకూ మాటకూ మధ్య 59 ఏళ్ల ఎడం ఉంది. ఆ మాట వెనక బంగాళాఖాతం, హిందూ మహాసముద్రం, చైనా సముద్రాల్లో తిరిగిన ఎన్నో ఓడల లాగ్‌లు ఉన్నాయి. కానీ ఆ లాగ్‌ల మధ్య కోరంగి ఉంది, ఆ పుస్తకంలో కోరంగి ఉంది. బిడ్డకు పేరు పెట్టినవాడు కలకత్తావాడైనా, బారసాలకు మన ఊరు నుంచి కూడా వెళ్లినట్టే.

అసలు తేడా మరొకచోట ఉంది. కోరంగిని చంపింది గాలి కాదు, నీరు. సైక్లోన్ అనే మాటలో నీరు లేదు.

ఓడలో ఉన్నవాడికి గాలి తిరుగుడు తెలిస్తే చాలు, తప్పించుకుంటాడు. సముద్రపు మట్టానికి అంతంతమాత్రం ఎత్తున ఉన్న డెల్టాలో తాటాకు ఇంట్లో ఉన్నవాడికి అది చాలదు. తీరానికి దగ్గర్లో సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీరు కిందికి పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల మన తూర్పు తీరాన్ని తుఫాను ఎక్కడ దాటినా దానికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికే గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది. తుఫాను కొంచెం దక్షిణంగా కోనసీమలో దాటితే కాకినాడ అఖాతంలోకి నీరు ఎగదన్నుకొస్తుంది. కోరంగి ఆ అఖాతం మూలలోనే ఉంది.

ఈ నీటికి తెలుగులో సొంత మాట ఉంది: ఉప్పెన. గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివానకు కొబ్బరిచెట్లు పడతాయి, పాకల కప్పులు లేస్తాయి, వరి నేలకొరుగుతుంది. ఉప్పెనకు ఊరే పోతుంది, పోయాక పొలం చవుడు తేలి కొన్నేళ్లు పండదు. వాడుకలో జనం ఈ తేడాను ఎంత కచ్చితంగా పాటిస్తారో చూడాలంటే రెండు తేదీలు చాలు. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచినదాన్ని అక్కడివాళ్లు ‘77 ఉప్పెన’ అంటారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను పడగొట్టినదాన్ని గోదావరి జిల్లాలవాళ్లు ‘96 తుఫాను’ అంటారు. దివిసీమలో పదివేలకు పైగా ప్రాణాలు తీసింది నీరు. కోనసీమలో తోటలకు తోటలు కూలింది గాలికి. ఆ రాత్రి భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులు ఎందరో వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వాతావరణ శాస్త్రం రెంటినీ సైక్లోనే అంటుంది. జనం మాట మాత్రం ఏది చంపిందో గుర్తుపెట్టుకుంది.

తుఫాను అన్న మాట కథ మరీ చిత్రం. అది అరబ్బీ నుంచి పారశీకం, హిందుస్తానీల మీదుగా మనకు చేరింది. అరబ్బీలో తూఫాన్ అంటే జలప్రళయం. ఖురానులో నూహ్ ప్రవక్త కాలపు వరదకు వాడిన మాట అదే. అంటే తుఫానులో ఒకప్పుడు నీరే ఉంది, దారిలో అది కారిపోయి గాలి మిగిలింది. ఇంగ్లిషు టైఫూన్ కూడా ఈ తూఫాన్‌కూ, చైనావాళ్ల ‘పెద్దగాలి’ మాటకూ, గ్రీకుల టైఫోన్‌కూ మధ్య ఎక్కడో పుట్టింది. హరికేన్ కరీబియన్ దీవుల ఆదివాసుల మాట, స్పానిషువాళ్లు ఎత్తుకెళ్లారు. ఇలా పుట్టిన మూడు మాటల్నీ ఇవాళ ప్రపంచం సముద్రాల వారీగా పంచుకుంది. అట్లాంటిక్‌లో హరికేన్, పసిఫిక్ పడమటి వైపున టైఫూన్, మన దగ్గర సైక్లోన్.

మాట పుట్టాక దాని ప్రచారానికి విపత్తులే తోడయ్యాయి. 1853లో కలకత్తాకు బదులు మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, ఉప్పెన వచ్చి దాన్ని ఊడ్చేస్తుందని పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశాడు. ఎవరూ వినలేదు. పోర్ట్ క్యానింగ్ కట్టారు. పిడింగ్టన్ 1858లో పోయాడు, ఆ రేవు 1867లో పోయింది. ఈ మధ్యలో 1864 అక్టోబరులో కలకత్తా తుఫానుకు దాదాపు అరవై వేలమంది, నెల తిరగకుండా నవంబరు 1న బందరు ఉప్పెనకు ముప్పై వేలమంది చనిపోయారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడటానికి ఈ చావులు ఒక ముఖ్య కారణం. అప్పటికి సైక్లోన్ సర్కారు కాగితాల్లో మామూలు మాటైపోయింది.

అక్కడి నుంచి ఆ మాట ఎన్ని దారుల్లో పోయిందో! 1863లో ఫ్రాన్సిస్ గాల్టన్ దానికి ఎదురుమాటగా ‘యాంటీసైక్లోన్’ కల్పించాడు. అమెరికా మైదానాల్లో సుడిగాలినే సైక్లోన్ అన్నారు. యంత్రాల్లోకీ వచ్చింది. తణుకు, మండపేట వైపు ఏ రైస్ మిల్లు దగ్గర నిలబడినా పైన రేకుతో చేసిన పెద్ద గరాటులాంటిది కనబడుతుంది. దాని పేరూ సైక్లోనే. ఊకతో, దుమ్ముతో నిండిన గాలిని పక్క నుంచి లోపలికి ఊదితే అది గోడ వెంట గిర్రున తిరుగుతుంది. బరువున్నది గోడకు తగిలి కిందికి జారి గోతాంలో పడుతుంది, తేలిక గాలి నడుమనున్న గొట్టం గుండా పైకి పోతుంది. గాలి తిరుగుడును మాత్రమే చెప్పే మాట కావాలన్న పిడింగ్టన్ కోరిక అచ్చంగా నెరవేరింది మిల్లులోనే. ఎందుకంటే వాతావరణ శాఖ చేతిలో ఆ మాట మళ్లీ బలం కొలిచే మాటగా మారింది. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 చేరితేనే తుఫాను, 89 చేరితే తీవ్ర తుఫాను. అది 61 దగ్గర తిరిగినా 62 దగ్గర తిరిగినా తిరుగుడు ఒకటే, పేరు మాత్రం మారుతుంది.

ఈ వరసలో ‘వాయుగుండం’ అనే మాటను మెచ్చుకోకుండా ఉండలేం. పాపికొండల దారిలో లాంచీ ఎక్కినవాళ్లకు గోదావరి సుడిగుండాలు తెలుసు. నీరు తిరిగితే సుడిగుండం, గాలి తిరిగితే వాయుగుండం. గ్రీకు దాకా పోకుండానే పిడింగ్టన్ అడిగిన అర్థం అంతా అందులో ఉంది. దాన్ని పత్రికలు, రేడియో రోజూ వాడి పల్లెపల్లెకూ చేర్చాయి. ఇవాళ ఏ రైతూ దానికి అర్థం అడగడు.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే జరగలేదని కూడా చెప్పాలి. పిడింగ్టన్ పుస్తకం లండన్‌లో అచ్చవుతున్న రోజుల్లో, 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట పని సాగుతోంది. ఆర్థర్ కాటన్ మొదలుకొని ఇంజనీర్లందరూ దాన్ని ‘యానికట్’ అనే రాశారు. అది తమిళం వాళ్ల అణైక్కట్టు, మన ఆనకట్ట. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు ‘మాదపోలం’ అనే నూలుగుడ్డగా ఇంగ్లిషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. మరో దారిలో, పశ్చిమగోదావరిలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కథ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. ఇంగ్లిషులో ఆ కథ పేరు ‘సైక్లోన్’. పేరు పక్కాగా ఉంది గానీ, గాలీ వానా కలిసి రైలుపెట్టె కిటికీల్ని కొడుతున్న చప్పుడు తెలుగు పేరులోనే వినబడుతుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. థాయిలాండ్ ఇచ్చిన పేరు అది. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగంలో తుఫానులకు పేర్లు పెట్టడం 2004 నుంచి మొదలైంది. ముందు రెండు రోజులూ టీవీల్లో అందరూ చెప్పింది గాలి వేగం, కన్ను ఎక్కడుంది, కాకినాడ రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు అన్నదే. ఉప్పెన ఎత్తు బులెటిన్‌లో ఉంటుంది, కానీ కింది వరసలో. కోరంగి చరిత్ర తెలిసినవాళ్లకు ఆ వరస కిందుమీదై ఉందనిపిస్తుంది. మొదట ఎంత ఎత్తు నీరు, ఎంత లోపలికి వస్తుంది అన్నది చెప్పి, తర్వాత గాలి సంగతి చెప్పాలి. దానికి ఉప్పెన అనే మాట చాలు. ‘స్టార్మ్ సర్జ్’ అని తెలుగు లిపిలో రాస్తే తీరంలో ఎవరికీ గుండె ఝల్లుమనదు.

తీరపు ఊళ్లలో పాతవాళ్లకు మరో మాట కూడా ఉంది. ఈశాన్యం నుంచి హోరున కొట్టిన గాలి ఒక్కసారి ఆగిపోతుంది. ఆకు కదలదు, చుక్కలు కూడా కనబడొచ్చు. పిల్లలు బయటికి పోబోతారు. అప్పుడు ఇంట్లో పెద్దామె తలుపు మూసి పట్టుకుని, ఇంకా అయిపోలేదర్రా, గాలి తిరుగుద్ది అంటుంది. కాసేపటికి నైరుతి నుంచి మొదలవుతుంది.